గోడ అవతలి ఫ్యాను

మా ఇబ్రహీంపట్నంలో ఐ.టి.ఐ. చదివి కరెంటు పనిలోకి దిగిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఎక్కువమంది అడిగేది ఒకటే. ఫ్యాను రిమోట్ మాట వినకపోతే ముందు ఏం చూడాలి? ఐదు నిమిషాల్లో చెప్పేస్తాను. వాళ్ళు తలూపి వెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళాక నాకు ఒక ఇల్లు గుర్తుకొస్తుంది. దాని సంగతి ఐదు నిమిషాల్లో చెప్పలేను. అందుకే రాస్తున్నాను.

ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ పని చేశాను. మొదట బోరు మోటర్లకు వైండింగు, తర్వాత ఇళ్ళ వైరింగు, చివరి పదేళ్ళూ ఎక్కువగా ఫ్యాన్లు. సాగర్ రోడ్డుకు రెండు వైపులా పొలాలు ప్లాట్లయ్యాయి. మీర్‌పేట్, బడంగ్‌పేట్ కాలనీలు మా వైపుకు జరుగుతూ వచ్చాయి. ఇంటికి ఆరేడు ఫ్యాన్లు, ప్రతి ఫ్యానుకూ ఒక రిమోట్. ఎక్కడ ఏ రిమోట్ పనిచేయకపోయినా నన్నే పిలిచేవారు. నా పేరు యాదగిరి అయితే, అందరూ రిమోట్ యాద్గిరి అనేవారు. ఆ పేరంటే నాకు గర్వం. జరిగినదానికి సగం కారణం ఆ గర్వమే.

నా మాట వల్ల ఒక ఇంటి వాకిట్లో గోడ లేచింది. ఆ గోడ ఇప్పటికీ ఉంది.

చింతగింజలు

నేను పని నేర్చుకున్నది బుచ్చిరాములు సేటు దగ్గర. బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఆయన మోటర్ల దుకాణం ఉండేది. అక్కడ నాతోపాటు పని నేర్చుకున్నవాడు మల్లేశం. ఇద్దరిదీ ఒకే వయసు.

మోటరు వైండింగులో రాగి తీగను లెక్క ప్రకారం చుట్టాలి. ఒక్కో చుట్టకు ఇన్ని చుట్లని లెక్క ఉంటుంది. ఒకటి తగ్గినా మోటరు వేడెక్కి కాలిపోతుంది. సేటు దుకాణంలో పద్ధతి ఏమిటంటే, ఒకరు తిప్పుతుంటే మరొకరు పైకి లెక్కపెట్టాలి. పది చుట్లకొక చింతగింజ పక్కన పెట్టాలి. మల్లేశం లెక్కపెడితే దుకాణం బయట చాయ్ తాగేవాళ్ళకు కూడా వినపడేది. నాకు ఆ పద్ధతి చిన్నతనంగా ఉండేది. ఒకరోజు మల్లేశం సెలవు పెడితే, గింజలు లేకుండా మనసులోనే లెక్కపెట్టుకుని ఒక మోటరు చుట్టేశాను. అది నాలుగో రోజుకే పొలంలో కాలిపోయింది.

సేటు నన్ను ఒక్క మాటా అనలేదు. స్కూటరు మీద ఎక్కించుకుని నేరుగా ఆ రైతు పొలానికి తీసుకుపోయాడు. వరి మడి నెర్రెలు పట్టి ఉంది. ఆ రైతు తన బావిలో నీళ్ళు అడుగంటి మోటరు కాలిందనుకుంటున్నాడు. పక్క పొలంవాడు కొత్తగా బోరు వేయించి తన నీళ్ళు గుంజుకున్నాడని తిడుతున్నాడు కూడా.

సేటు చెప్పులు గట్టు మీద వదిలి మడిలోకి దిగాడు.

"వాన్ని తిట్టకే. తప్పు మాది. మా పోరడు లెక్క తప్పిండు. పొద్దుగూకే లోపల ఇంకో మోటరు దించుత" అన్నాడు.

తిరిగి వస్తూ దారిలో నాతో అన్నాడు: "మనం నోరు మూసుకుంటే ఆ ఇద్దరు గట్టు కాడ కొట్లాడుకుంటుండిరి. ఎర్కైందార?"

"ఎర్కైంది సేటు" అన్నాను.

అప్పుడు అర్థమైందనే అనుకున్నాను.

రిమోట్ వినకపోతే

ఇక పని సంగతి. ఫ్యాను రిమోట్‌కు పలకకపోతే నిచ్చెన వేయకండి. ముందు ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి అడగండి. ఎప్పటినుంచి పలకడం లేదు, ఏ వేళకు, అప్పుడు ఇంట్లో ఇంకేమేమి నడుస్తున్నాయి, అన్నీ. తర్వాత రిమోట్‌లో సెల్లు మార్చండి. కొత్తవే వేశామంటారు. అయినా మీ జేబులోవి వేసి చూడండి.

రిమోట్లు రెండు రకాలు. ఒకటి మన టీవీ రిమోట్ లాంటిది, దాని ముక్కులోంచి కంటికి కనపడని వెలుగు వస్తుంది. ఫోను కెమెరా ముందు పెట్టి మీట నొక్కితే తెరమీద చుక్క మెరుస్తుంది. మెరిస్తే రిమోట్ బాగున్నట్టే, ఇక ఫ్యాను కింద ఉండే కన్ను సంగతి చూడాలి. మీర్‌పేట్‌లో ఒక టీచరమ్మ ఇంట్లో రోజూ సాయంత్రం నాలుగింటికి ఫ్యాను మొండికేసేది. రెండుసార్లు లోపలి బోర్డు మార్చాను. మూడోసారి ఆ వేళకే వెళ్ళి కూర్చుంటే, పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా ఆ కంటిమీద పడుతోంది. పరదా వేయగానే బాగైంది. టీచరమ్మ మొదటిరోజే "నాలుగింటికి" అని చెప్పింది. నేను వినలేదు.

ఇంకొకటి, గోడమీది పాత రెగ్యులేటరు. రిమోట్ ఫ్యానుకు అది పనికిరాదు. తీసేసి కరెంటు నేరుగా ఇవ్వాలి. అది మధ్యలో ఉంటే ఫ్యాను ఒకరోజు వింటుంది, ఒకరోజు వినదు.

రెండో రకం రేడియో రిమోట్. దానికి వెలుగు ఉండదు, అందుకని కెమెరాలో ఏమీ కనపడదు. ఎటు తిప్పి నొక్కినా పనిచేస్తుంది. గోడ అడ్డమున్నా పనిచేస్తుంది. కానీ ముందుగా ఫ్యానుకూ రిమోట్‌కూ జత కుదర్చాలి. ఫ్యానుకు కరెంటు ఆపి, మళ్ళీ ఇచ్చిన పది సెకన్లలో రిమోట్‌లో ఒక మీట నొక్కి పట్టుకోవాలి. ఆ పది సెకన్లలో ఫ్యాను చెవి తెరుచుకుని ఉంటుంది. ఏ రిమోట్ పిలిస్తే దాన్ని గుర్తు పెట్టుకుంటుంది.

నేను తప్పు చేసింది ఆ పది సెకన్లలోనే.

ఒకే పొయ్యి

మల్లేశం తండ్రి పోయాక పొలం చూసుకోవడానికి దుకాణం మానేశాడు. తర్వాత మా ఊరి భూములకు రెక్కలొచ్చాయి. మల్లేశం, తమ్ముడు శ్రీశైలం కలిసి కొంత పొలం అమ్మి, మిగిలినదాంట్లో ఒక పక్కన ఇల్లు కట్టుకున్నారు. ఒకే కప్పు కింద రెండు వాటాలు. అన్న గది, తమ్ముడి గది మధ్య ఒక్కటే గోడ. వెనక ఇద్దరికీ కలిపి ఒకే వంటిల్లు. చుట్టుపక్కల అన్నదమ్ములు భూమి డబ్బు చేతికి రాగానే విడిపోతున్న రోజులవి. వీళ్ళు మాత్రం ఒకే పొయ్యి మీద వండుకుంటామన్నారు. మల్లేశం భార్య పద్మ ఆ మాట అందరికీ చెప్పుకునేది. శ్రీశైలం ఇంజినీరింగ్ కాలేజీ బస్సు నడిపేవాడు. అతని భార్య స్వప్నకు అప్పుడు నెలలు నిండుతున్నాయి.

వైరింగు మొత్తం నాదే. రెండు గదులకూ ఒకే రకం రేడియో రిమోట్ ఫ్యాన్లు నేనే ఎంచి బిగించాను. గృహప్రవేశం రోజుకు ఇంకా గదుల్లో స్విచ్చు బోర్డులు బిగించలేదు. వైర్లు కలిపి టేపు చుట్టి కరెంటు ఇచ్చాను. బంధువులు వస్తున్నారు, పంతులు తొందరపెడుతున్నాడు. మల్లేశం గదిలో ఫ్యానుకు జత కుదర్చాలి. స్విచ్చు లేదు కనుక వరండాలో ఉన్న మెయిన్ ఆపి, మళ్ళీ వేయించి, చేతిలో ఉన్న రిమోట్ మీట నొక్కి పట్టుకున్నాను. ఫ్యాను తిరిగింది. దాన్ని ఆపి, పక్క గదిలోకి వెళ్ళి అదే రిమోట్ నొక్కి చూశాను. అదీ తిరిగింది. రెండూ బాగున్నాయనుకుని, ఆ రిమోట్ మల్లేశం గదిలో పెట్టి, డబ్బాలోంచి రెండోది తీసి శ్రీశైలం గదిలో పెట్టి, భోజనాల వరుసలో కూర్చున్నాను.

ఏం జరిగిందో చదివేవారికి తెలిసిపోయే ఉంటుంది. మెయిన్ వేసినప్పుడు రెండు ఫ్యాన్లూ ఒక్కసారే చెవి తెరిచాయి. రెండూ మల్లేశం రిమోట్‌నే గుర్తు పెట్టుకున్నాయి. శ్రీశైలం గదిలో పెట్టిన రిమోట్‌ను ఏ ఫ్యానూ ఎరగదు. చలికాలం కనుక ఫ్యాన్ల అవసరం పడలేదు. ఆ తర్వాత బోర్డులూ బిగించాను, అప్పుడూ పరీక్షించలేదు.

ఎండలు ముదిరేదాకా ఆ నాలుగు నెలలూ నేను వారానికి రెండుసార్లయినా అక్కడే తిన్నాను. నాకు ఇల్లు ఉంది, భార్య ఉంది, వంట ఉంది. అయినా పని ముగించుకుని ఆ వైపు నుంచి వస్తుంటే బండి దానంతటదే ఆగేది. అన్నదమ్ములిద్దరూ నాకు చెరోపక్కన కూర్చునేవారు. పద్మ జొన్నరొట్టెలు కొడుతుండేది.

"స్వప్నా, అన్న పల్లెం చూడు. సిగ్గుపడుతుండు, ఇంకోటెయ్యి" అనేది.

"వాడు సిగ్గుపడుడా? బుచ్చిరాములు సేటు టిఫిను డబ్బ ఖాళీ చేసినోడు!" అనేవాడు మల్లేశం.

నేనన్న మాట

వేసవిలో శ్రీశైలం ఫోను చేశాడు. పాప పుట్టి రెండు నెలలయింది, నిత్య అని పేరు పెట్టారు. ఫ్యాను రిమోట్‌కు పలకడం లేదు. అది చాలదన్నట్టు తనంతట తానే ఆగుతోంది, తనంతట తానే తిరుగుతోంది.

ఆ రోజు నాకు మరో రెండు ఇళ్ళలో పనులున్నాయి. వెళ్ళాను. సెల్లు మార్చాను. పలకలేదు. స్విచ్చు వేస్తే ఫ్యాను బాగానే తిరుగుతోంది. కూర్చుని అడగలేదు. స్వప్న తనే చెప్పింది.

"పిల్ల జర కండ్లు మూసిందంటే చాలు, ఆగుతదన్న. మధ్యాహ్నం రెండు, మూడు గంటలకు. మళ్ళ సాయంత్రం తిరుగుతది."

మధ్యాహ్నం రెండింటికి మల్లేశం తన ఫ్యాను ఆపేసి పొలం వైపు వెళ్తాడు. సాయంత్రం వచ్చి మళ్ళీ వేస్తాడు. ఆ ఒక్క ముక్క ఎవర్ని అడిగినా చెప్పేవారు.

నేను తల పైకెత్తి ఫ్యానును చూశాను. కాసేపు ఆలోచిస్తున్నట్టు నిలబడ్డాను. నాకు తెలియలేదు. తెలియలేదని చెప్పడం రిమోట్ యాద్గిరికి చేతకాలేదు. రెండు వాటాలకూ విడివిడి స్విచ్చులున్న పెట్టె మల్లేశం వైపు వరండాలో ఉంది. అది గుర్తొచ్చింది.

"రిమోట్ ఖరాబైంది, కొత్తది తెప్పిస్త. ఇగ ఆగుడంటవా, ఫ్యాను దానంతట అదే ఆగదు బిడ్డ. అటుపక్క నుంచి ఎవలన్న మీ స్విచ్చు కొడుతున్నరేమో చూసుకోండ్రి" అన్నాను. నవ్వుతూనే అన్నాను. సంచి సర్దుకుని వెళ్ళిపోయాను.

అటుపక్క పగలంతా ఇంట్లో ఉండేది పద్మ ఒక్కతే.

పిల్లలూ, ఇది గుర్తుంచుకోండి. ఇంట్లోవాళ్ళు మన మాటను కరెంటు మాటగా వింటారు. మనకు తెలుసు కనుకే చెప్పాడనుకుంటారు. వైరు సంగతి తెలియనప్పుడు మనుషుల మీదికి పోవద్దు.

రెండోసారి

కొత్త రిమోట్ తెప్పిస్తానన్నవాణ్ణి మూడు వారాలు మరిచిపోయాను. ఆ తర్వాత వెళ్ళేసరికి శ్రీశైలం వాటా వెనక రేకులు దించి ఉన్నాయి. వాటికింద కొత్త గ్యాసు పొయ్యి మీద స్వప్న వంట చేస్తోంది. నన్ను చూసి పలకరించలేదు.

ముందు మల్లేశం గదిలోకి వెళ్ళాను. పద్మ చాయ్ తెచ్చి పెట్టింది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అన్న, నువ్వన్న చెప్పు. నేను పసిపిల్ల ఫ్యాను ఆపుతనా? అరుసుకుంట వచ్చింది నా మీదికి. యాద్గిరన్ననే చెప్పిండు అంటది. నువ్వు గట్ల అన్నవా?"

నేను చాయ్ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. మల్లేశం వార్తాపత్రిక ఎగిరిపోతోందని రిమోట్ తీసి ఫ్యాను ఆపాడు. గోడ అవతల స్వప్న గొంతు లేచింది.

"ఇగో, మళ్ళ ఆపిన్రు! సూడుండ్రి, అన్న వచ్చినా ఆగుత లేరు!"

పద్మ నా ఎదురుగానే నిలబడి ఉంది. స్విచ్చు దగ్గర ఎవరూ లేరు. మల్లేశం చేతిలో రిమోట్ ఉంది. గృహప్రవేశం రోజు, మెయిన్, పది సెకన్లు, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు కదిలాయి.

అప్పుడే నోరు తెరిచి ఉంటే సరిపోయేది. చాయ్ చల్లారేలోపు అయిపోయే మాట. బుచ్చిరాములు సేటు అయితే ఆ క్షణాన చెప్పులు విడిచేవాడు. నేను చాయ్ గబగబా తాగి లేచాను.

శ్రీశైలం గదిలో స్టూలు వేసుకుని ఫ్యాను టోపీ విప్పి ఊరికే మళ్ళీ బిగించాను. ఆ గది స్విచ్చు ఆపి వేసి, అక్కడి రిమోట్‌తో జత కుదిర్చాను. ఫ్యాను పలికింది. కొత్త జత కుదిరితే పాతది చెరిగిపోతుందనుకున్నాను.

"లోపల సిగ్నల్ బోర్డు ఖరాబైంది తమ్మి, బాగు చేసిన" అన్నాను.

శ్రీశైలం నన్ను వాకిలి దాకా సాగనంపి, గొంతు తగ్గించి అడిగాడు. "అన్న, నిజం చెప్పు. ఇన్నొద్దులు ఆపింది మా వదిననేనా?"

"గవన్ని నాకెందుకు తమ్మి. మీ ఇంటి సంగతి" అన్నాను.

ముప్ఫై ఎనిమిదేళ్ళలో నేను చెప్పిన మాటలన్నింటిలో నీచమైనది అదే. అబద్ధం కూడా కాదది. పద్మను నిర్దోషి అని చెప్పగలిగిన మనిషిని ఈ లోకంలో నేనొక్కణ్ణే. చెప్పకుండా బండెక్కాను.

నెల తిరిగేసరికి వాకిట్లో ఇటుకలు దిగాయి. మీటర్లు వేరయ్యాయి. గోడ లేచింది.

ఎనిమిదేళ్ళు

ఆ తర్వాత ఆ వైపు పోలేదు. ఆ వీధికి పని వస్తే వేరేవాళ్ళకు అప్పగించేవాణ్ణి. గోడ కట్టిన కొత్తలో మల్లేశం పేరు నా ఫోనులో రెండుసార్లు మోగింది. చేతిలో పట్టుకుని, ఆగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.

పనులు మాత్రం పెరిగాయి. ఊరు పెరిగింది. బాలాపూర్ దాకా వెళ్ళి పని చేసి వచ్చేవాణ్ణి. కొత్త ఇళ్ళలో చల్లటి నీళ్ళ సీసా ఇచ్చేవారు, మంచి మాటలు చెప్పేవారు. నాకు మాత్రం మధ్యాహ్నం ఒంటిగంట అయ్యేసరికి ఎక్కడున్నా జొన్నరొట్టె కాలే వాసన వచ్చినట్టుండేది. తల తిప్పి చూస్తే సిమెంటు, రంగుల డబ్బాలు. "అన్న పల్లెం చూడు" అనే గొంతు కోసం ఎన్ని మధ్యాహ్నాలు చెవి ఒగ్గానో చెప్పలేను. మా ఆవిడ ఒకసారి అదే పిండి తెప్పించి రొట్టెలు చేసింది. బాగున్నాయి. రెండు తిని లేచాను. నా పక్కన చెరో వైపు ఎవరూ లేరు.

బస్టాండు వెనక రేకుల షెడ్డు తీసేసి అక్కడ ఫోన్ల దుకాణం పెట్టారు. దాని ముందు నిలబడితే, లోపల ఎవరో పెద్దగొంతుతో చుట్లు లెక్కపెడుతున్నట్టే ఉండేది. ముప్ఫై, నలభై, గింజ పెట్టు. ఏభై, గింజ పెట్టు.

మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వడం మానేశాక పని విరమించాను.

సెల్లు లేని రిమోట్

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తాను. పద్మ.

"అన్న, ఆయనకు మోకాలు ఆపరేషన్ అయింది. మంచం దిగొద్దన్నరు. ఫ్యాను స్విచ్చుకు లేచుడైతలేదు, నేను పనిల ఉంటె పిలుస్తనే ఉంటడు. ఆ రిమోట్ ఎన్నేండ్ల నుంచో పనిచేస్తలేదు. వేరేటోన్ని పిలుస్త అంటె వద్దంటడు. జర నువ్వొచ్చి చూస్తవా?"

వెళ్ళాను. గోడ నా భుజాల ఎత్తు ఉంది. దానిమీద అవతలివాళ్ళ బట్టలు ఆరేసి ఉన్నాయి, వాటిలో బడిపిల్ల గౌను ఒకటి.

మల్లేశం జుట్టంతా తెల్లబడింది. కాలు దిండు మీద చాపి పడుకున్నాడు. నన్ను చూసి, "వచ్చినవా. సేటు డబ్బ దొంగ" అన్నాడు.

పద్మ బీరువాలోంచి రిమోట్ తెచ్చింది. గుడ్డలో చుట్టి ఉంది. వెనక మూత తీశాను. సెల్లు లేవు. ఏళ్ళ తరబడి లోపల సెల్లు ఉంటే చెమ్మ కారి, స్ప్రింగులకు పచ్చగా చిలుం పడుతుంది. ఈ స్ప్రింగులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. ఇది చెడిపోయిన రిమోట్ కాదు, ఎవరో సెల్లు తీసి దాచిన రిమోట్.

జేబులోంచి సెల్లు తీసి వేశాను. మీట మీద వేలు పెట్టాను.

"ఆగు, ఆగుర!" మల్లేశం మంచం మీదనుంచి చెయ్యి చాపాడు. "టైమెంత?"

"మూడు."

"ఆదివారం. పిల్ల పండుకునే టైము. ఒత్తకు."

మీట మీదనుంచి వేలు తీశాను. పద్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"ఏ పిల్ల? ఏంది మీరనేది?"

మల్లేశం పైకప్పు చూస్తూ చెప్పాడు. "గోడ కట్టినంక ఒకరోజు రిమోట్ ఒత్తిన. అటు పిల్ల కేర్ మన్నది. మళ్ళ ఒత్తిన, ఊకున్నది. రెండుసార్లు చూసిన. ఇగ సెల్లు తీసేసిన. మోటర్ల దుకాణంల పనిచేసినోన్ని, గంత ఎర్కగాదా నాకు."

నా రెండో తప్పు అప్పుడు తెలిసింది. ఆ రకం ఫ్యాను కొత్త రిమోట్‌ను గుర్తుపెట్టుకున్నా పాతదాన్ని మరిచిపోదు. ఎనిమిదేళ్ళుగా అవతలి ఫ్యాను మల్లేశం మాట కూడా వింటూనే ఉంది. ఈ మనిషి ఎనిమిదేళ్ళుగా దానితో మాట్లాడకుండా, అర్ధరాత్రి కూడా లేచి గోడ స్విచ్చు వేసుకుంటున్నాడు.

"ఎర్కనే ఉండెనా నీకు?" పద్మ మంచం దగ్గరికి వచ్చింది. "నేను గన్ని మాటలు పడితి. వాళ్ళకు ఎందుకు చెప్పలె?"

"ఏమని చెప్పాలె? మా రిమోట్‌తోనే ఆగిందని చెప్తే, చూసిన్రా మేమన్నది నిజమే అంటుండిరి. నీ మీద పడ్డ మాట ఇంక గట్టిగైతుండె." నావైపు తిరిగాడు. "వీన్ని అడుగుదామని ఫోన్ చేసిన. రెండుసార్లు. ఎత్తలె."

స్టూలు మీద కూర్చున్నాను. మొత్తం చెప్పాను. మెయిన్, పది సెకన్లు, నవ్వుతూ అన్న మాట, గబగబా తాగిన చాయ్, శ్రీశైలానికి ఇచ్చిన జవాబు. ఏదీ తగ్గించలేదు. మల్లేశం కళ్ళు మూసుకుని విన్నాడు. పద్మ నిలబడే వింది.

"నేను స్విచ్చు కొట్టలేదని నాకు ఎర్కనే ఉండె అన్న" అంది చివరికి. "నీకు సుత ఎర్కనే ఉండెనా! నా చేతి చాయ్ తాగుకుంటనే..." కొంగుతో మొహం తుడుచుకుంది. "నాకు చెప్పుడు కాదు. గోడ అవతల చెప్పు పో."

ఆ రోజు నాకు చాయ్ ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

జత కుదర్చే పద్ధతి

చెప్పులు వాళ్ళ గేటు బయటే విడిచాను. శ్రీశైలం, స్వప్న వరండాలో ఉన్నారు. కూర్చోమన్నారు, కూర్చోలేదు. నిలబడే చెప్పాను. శ్రీశైలం మొహం నల్లబడింది.

"ఆనాడు నిన్ను వాకిట్ల అడిగిన అన్న. నోరు తెరిచి అడిగిన" అన్నాడు.

స్వప్న మాత్రం ఒక ప్రశ్న అడిగింది. "మరి గోడ కట్టినంక ఎన్నడు ఆగలె కదా. ఎందుకు ఆగలె?"

"మీ బావ రిమోట్ల సెల్లు తీసి పెట్టిండమ్మ. పిల్ల నిద్ర చెడుతదని. ఇప్పుడు మోకాలు ఆపరేషనై లేవలేకపోతుండు, అయినా ఒత్తనిస్త లేడు. నిత్య పండుకున్నదట ఈ టైముకు."

ఆమె గది వైపు చూసింది. లోపల పాప నిజంగానే పడుకుని ఉంది. ఫ్యాను మూడో స్పీడు మీద తిరుగుతోంది.

"తీసెయ్యన్న" అంది స్వప్న. "ఆ రిమోట్ పేరు మా ఫ్యాన్ల కెల్లి తీసెయ్యి. ఆ పేరు ఉన్నన్ని రోజులు బావ సెల్లు ఎయ్యడు."

"తీసేస్త. కానీ ఇటు ఫ్యానుకు చేసేటప్పుడు అటు ఫ్యాను స్విచ్చు ఆపి ఉండాలె. మీ అక్కకు గోడ మీదికెల్లి కేకేసి చెప్త."

"కేకెందుకు, పిల్ల లేస్తది. నేను పోయి ఆపుత."

చేతులు కొంగుకు తుడుచుకుని మెట్లు దిగింది. గేటు దాటి, గోడ చుట్టూ తిరిగి అవతలి గేటు తీసిన చప్పుడు వినపడింది. శ్రీశైలం, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఇది పద్ధతి, రాసుకోండి. జత కుదిర్చేటప్పుడు ఆ ఒక్క ఫ్యానే కరెంటులో ఉండాలి. ఇంట్లో ఆ రకానివి ఎన్ని ఉంటే అన్నీ వాటి వాటి స్విచ్చుల దగ్గర ఆపాలి. గోడ అవతల ఉన్నవి కూడా. అక్కడొక మనిషిని నిలబెట్టి, ఆపినట్టు ఆ మనిషి నోట విన్నాకే ఇక్కడ మొదలుపెట్టాలి. తర్వాత పాత గుర్తులన్నీ చెరిపి, ఒక్క రిమోట్‌తోనే జత కుదర్చాలి.

"ఆపిన అన్న" అని గోడ అవతలి నుంచి మెల్లగా వినపడింది.

పని మూడు నిమిషాల్లో అయిపోయింది. శ్రీశైలం రిమోట్‌కు పలికింది. ఇక వాళ్ళ స్విచ్చు వేయమని చెప్పి, మల్లేశం రిమోట్‌ను అటు నొక్కి చూడాలి.

"ఇగ ఎయ్యమ్మా" అన్నాను, పాప లేవకుండా గోడకు నోరు దగ్గర పెట్టి.

జవాబు లేదు. చెవి ఆనించాను. పద్మ ఏదో అంటోంది. మాటలు తెలియడం లేదు. స్వప్న ఏడుపో, మాటో. మళ్ళీ పద్మ. అటు ఫ్యాను ఇంకా తిరగడం లేదు. మండు వేసవి, మధ్యాహ్నం మూడున్నర. శ్రీశైలం వెళ్ళబోతే చెయ్యి పట్టి ఆపాను. ఉండనీ, తొందరేముంది.

కాసేపటికి మల్లేశం కేక మాత్రం స్పష్టంగా వినపడింది. దుకాణంలో చుట్లు లెక్కపెట్టే నాటి గొంతు అది.

"అరే, మీ ముచ్చట పాడుగాను! ఎవలో ఒకలు స్విచ్చెయ్యుండ్రే, ఉడికి చస్తున్న!"